హీరో ముఖం కూడా మార్చుకోనివ్వని ఆట ఆర్‌పీజీ ఎలా అవుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: స్కైరిమ్, విచర్ 3, బాల్డర్స్ గేట్ 3 లాంటి పాశ్చాత్య ఆర్‌పీజీలు (రోల్ ప్లేయింగ్ గేమ్స్, అంటే పాత్ర పోషించే వీడియో ఆటలు) ఆడి ఆడి, ఎవరో గట్టిగా చెప్పారని జపాన్ ఆట పెర్సోనా 5 మొదలుపెట్టారు. నాలుగు గంటలైనా ఆట మీ చెయ్యి వదల్లేదు. పేరు తప్ప ఏదీ అడగలేదు, ముఖం మార్చుకోనివ్వలేదు, రాత్రిపూట బయటికెళ్దామంటే ఓ నల్లపిల్లి అడ్డంపడి ‘అలసిపోయావు, పడుకో’ అంటోంది. పాత్ర పోషించడమంటే మన ఇష్టం వచ్చినట్టు ఉండటం కదా, జపాన్ వాళ్లు ఎందుకిలా చేస్తారు, ఇది వాళ్ల సంస్కృతా, డిజైనా అని అడిగారు.

ఆ పిల్లి మీద కోపం నాకూ ఉంది. దాని సంగతి చివర్లో చూద్దాం.

నేను పద్నాలుగేళ్లుగా గేమ్ డిజైన్‌లో ఉన్నాను. అందులో సగానికి సగం ఆర్‌పీజీల మీదే పోయింది. ‘సంస్కృతి’ అన్న జవాబు నాకెప్పుడూ ఆనదు. అది అబద్ధమని కాదు గానీ, దాన్ని నమ్ముకుని రేపు పొద్దున ఆఫీసుకెళ్తే స్క్రీన్ మీద ఏం మార్చాలో తెలియదు. నా లెక్కలో తేడా అంతా ఒక్కచోట ఉంది: ఆ పాత్ర ఎవరిది? ఆటగాడు ఆడుతూ ఆడుతూ పాత్రని తయారు చేసుకుంటున్నాడా, లేక ఎవరో రాసిపెట్టిన పాత్రలోకి దూరుతున్నాడా? పోరాటాలు, లెవెళ్లు, ఊళ్లు, చావులు, అన్నీ ఈ ప్రశ్నకి ఇచ్చుకున్న జవాబు వెనకాలే నడిచొచ్చాయి.

విచిత్రం ఏమిటంటే రెండు వంశాలకీ తాత ఒక్కడే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. అందులో ఒకడు డంజన్ మాస్టర్. వాడు లోకాన్ని వర్ణిస్తాడు, మిగతావాళ్లు ‘నేను ఇది చేస్తా’ అంటారు, అవుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. 1981లో యాపిల్ 2 కంప్యూటర్ మీద దీన్ని రెండు ఆటలు రెండు రకాలుగా పట్టుకున్నాయి. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ చేసిన విజార్డ్రీ చిట్టడవిని, పోరాటాన్ని పట్టుకుంది: ఆరుగురి పార్టీ (అంటే కలిసి తిరిగే బృందం), పది అంతస్తుల భూగర్భం, మ్యాపు కావాలంటే గళ్ల కాగితం మీద మీరే గీసుకోవాలి. రిచర్డ్ గ్యారియట్ అల్టిమా పైనుంచి కనిపించే విశాలమైన లోకాన్ని పట్టుకుంది.

1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో యాపిల్‌ఫెస్ట్ జరిగింది. జపాన్ నుంచి ఎనిక్స్ కంపెనీ తరఫున ఇద్దరు కుర్రాళ్లు వెళ్లారు, యూజీ హోరీ, కోయిచి నకమురా. అక్కడ విజార్డ్రీ చూసి పిచ్చెక్కిపోయారు. హోరీ నేపథ్యం ఇక్కడ ముఖ్యం. ఆయన షోనెన్ జంప్ అనే పిల్లల మాంగా వారపత్రికకి రాసేవాడు. అంటే వారం వారం లక్షలమంది పిల్లలకి అర్థమయ్యేలా, విసుగు రాకుండా చెప్పడం ఆయన రోజువారీ పని. ఆయన ముందున్న సమస్య చాలా నిర్దిష్టమైనది. అల్టిమాలో కీబోర్డు మీద ఒక్కో అక్షరం ఒక్కో పని. ఏ నొక్కితే దాడి, బీ నొక్కితే ఓడ ఎక్కడం, అలా జెడ్ దాకా (జెడ్ నొక్కితే మీ గణాంకాలు వస్తాయి, అక్షరం కలవాలని ‘స్టాట్స్’ అన్న మాటని ‘జ్టాట్స్’ చేసేశారు). ఆయన ఆట చేయాల్సిన ఫామికామ్‌కి (నింటెండో వాళ్ల ఇంటి ఆట యంత్రం) ఏముంది? ఒక ప్లస్ గుర్తు, రెండు బటన్లు. ఎదురుగా పాచికల ఆట పేరైనా వినని పదేళ్ల పిల్లాడు.

ఆ సమస్యకి హోరీ జవాబుగా 1986 మే 27న వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ మొదటి గదిని, వీలైతే ఇవాళే యూట్యూబ్‌లో చూడండి. మా దగ్గర కొత్తగా చేరిన డిజైనర్లకి నేను మొదట చూపించేది అదే. హీరో రాజు ఎదుట నిలబడి ఉంటాడు. తలుపు మూసి ఉంది. గదిలో పెట్టెలున్నాయి, కాపలా ఉంది. మెనూలో ఎనిమిది ఆదేశాలు: మాట్లాడు, తీసుకో, తలుపు, మెట్లు, వగైరా. పెట్టె తెరవకపోతే తాళంచెవి దొరకదు, తాళంచెవి లేకపోతే తలుపు తెరుచుకోదు, తలుపు దాటాక మెట్లు దిగాలి. గది బయటపడేసరికి ఆ పిల్లాడు ఆటకి కావలసిన క్రియలన్నీ ఒక్కోసారి వాడేసి ఉంటాడు, నేర్పుతున్నారని తెలియకుండానే. కోట బయట అడుగుపెట్టగానే నీళ్లకి ఆవల చివరి శత్రువు కోట కనిపిస్తుంది. కనిపిస్తుంది గానీ చేరుకోలేడు. మొత్తం ఆట 64 కిలోబైట్లు. ఇవాళ వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ అంతకన్నా పెద్దది.

మీరు ‘చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది’ అని విసుక్కున్న గుణం మూలం ఇదే. అయితే ఒక మాట. ఆ మొదటి డ్రాగన్ క్వెస్ట్ ఒకే దారిన నడిపించే ఆట కాదు. ఆ గది దాటాక ఎటైనా పోవచ్చు. గోడలుండవు, వంతెనలుంటాయి. వంతెన దాటగానే రాక్షసులు బలపడతారు, తన్నులు తిని వెనక్కొస్తారు, అంతే. దారిని మూసేది కథ కాదు, మీ బలం. జపాన్ ఆటలు పుట్టుకతోనే పట్టాల మీద రైళ్లని అనేవాళ్లు దీన్ని ఆడి ఉండరు.

ఇప్పుడు అంకెల దగ్గరికి రండి. ఇక్కడే నాకు ఉత్సాహం ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కవచం దెబ్బని తగ్గించదు, దెబ్బ తగలకుండా చేస్తుంది. ఇరవై ముఖాల పాచిక వేస్తారు, కవచం సంఖ్యని అందుకుంటే కత్తి తగిలినట్టు, అందుకోకపోతే గాల్లో తిరిగినట్టు. బాల్డర్స్ గేట్ 3లో తొంభై శాతం అవకాశం చూపించి కూడా దెబ్బ తప్పి మీరు కంట్రోలర్ విసిరేయబోయిన క్షణాలు గుర్తున్నాయా? 1974 నాటి నియమం అది. హోరీ ఏం చేశాడు? డ్రాగన్ క్వెస్ట్ మూలసూత్రం చాలా సాదాగా ఉంటుంది: మీ దాడి సంఖ్యలో సగం, అందులోంచి శత్రువు రక్షణలో పావు వంతు తీసేయండి, కొంచెం అటూ ఇటూ. అదే దెబ్బ. పాచిక పోలేదు, మూలన కూర్చుంది.

చూడ్డానికి చిన్న మార్పు. దాని ఫలితం చూడండి. పాచిక పద్ధతిలో కొత్త కత్తి కొంటే మీకు దక్కేది ‘ఇరవైలో ఇంకో వంతు అవకాశం’. దాన్ని పదేళ్ల పిల్లాడు అనుభవించలేడు. తీసివేత పద్ధతిలో కొత్త కత్తి కొని ఊరి బయట మొదటి స్లైమ్‌ని (జిగురుముద్దలాంటి బుల్లి రాక్షసి) కొట్టగానే నిన్న రెండు దెబ్బలకి చచ్చింది ఇవాళ ఒక్క దెబ్బకి చస్తుంది. పెట్టిన డబ్బు కళ్ల ముందు కనిపిస్తుంది. మొదటి స్లైమ్ ఒక్క అనుభవ పాయింటు ఇస్తుంది, రెండో లెవెల్‌కి ఏడు చాలు. ఏడు స్లైమ్‌లు, మోత మోగే సంగీతం, పెరిగిన అంకెలు. జపాన్ ఆర్‌పీజీల్లో అంకెలు పదుల నుంచి 9999 దాకా ఎందుకు ఉబ్బుతాయో, పాశ్చాత్య ఆటల్లో ప్లస్ వన్ కత్తికే (పాచికకి ఒక్క అంకె కలిపేది) ఎందుకు అంత సంబరమో ఇక్కడే తేలిపోతుంది. ఒకదానిలో అంకె మీ ప్రయాణానికి మైలురాయి. ఇంకోదానిలో అంకె జూదంలో మీ పందెం.

అందుకే చావు కూడా రెండు రకాలైంది. విజార్డ్రీలో పార్టీ చస్తే శవాలు అక్కడే పడి ఉంటాయి. వేరే పార్టీ వెళ్లి మోసుకురావాలి. గుడిలో బతికించబోతే అది వికటించి బూడిద కావచ్చు, బూడిదని బతికించబోతే శాశ్వతంగా పోవచ్చు. డ్రాగన్ క్వెస్ట్‌లో చస్తే రాజు ముందు లేస్తారు, ఆయన నాలుగు చీవాట్లు పెడతాడు, చేతిలో ఉన్న డబ్బులో సగం పోతుంది. అనుభవం మాత్రం మీదే. అంటే గెలిచినా ఓడినా కూర్చున్న గంట వృథా కాదు. స్కూలు నుంచొచ్చి అమ్మ అన్నానికి పిలిచేలోపు ఆడుకునే పిల్లాడికి ఇచ్చిన హామీ అది. (ఆట ఆపి మళ్లీ మొదలెట్టాలంటే మాత్రం ఇరవై అక్షరాల మంత్రం కాగితం మీద రాసుకోవాలి. రెండో భాగంలో అది యాభై రెండు దాకా పోయింది. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నారా, వారం రోజుల ఆట గోవిందా. హామీకి హద్దులున్నాయన్నమాట.)

సరే, అసలు ప్రశ్న. ముఖం ఎందుకు మార్చుకోనివ్వరు?

ఊళ్లో పద్యనాటకం చూసి ఉంటే మీకు ఇది చిటికెలో అర్థమవుతుంది. కృష్ణుడు రాయబారానికి వెళ్తాడు, సంధి కుదరదు, యుద్ధం తప్పదు. పందిట్లో కూర్చున్న ముసలమ్మ నుంచి వేరుశనక్కాయలు అమ్మే కుర్రాడి దాకా అందరికీ తెలుసు. అయినా తెల్లారేదాకా కూర్చుంటారు. పద్యం అయ్యాక ‘వన్స్ మోర్’ అంటారు. ఆ కృష్ణుడు ‘ఇవాళ నేను దుర్యోధనుడితో కలిసిపోతా’ అంటే చెప్పులు పడతాయి. అక్కడ నటుడి స్వేచ్ఛ ఏం జరుగుతుందన్న దానిలో లేదు, ఎలా పాడతాడన్న దానిలో ఉంది. జపాన్ ఆర్‌పీజీ పట్టుకున్నది ఆ స్వేచ్ఛ. బల్ల దగ్గర ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ మాత్రం వీధిలో పిల్లలు ఆడుకునే దొంగా పోలీసు లాంటిది. ‘నేను చావలేదు, చెట్టు వెనకున్నా’ అని ఒకడంటాడు, వాదన మొదలవుతుంది, ఎవడో పెద్దవాడు తీర్పు చెప్తాడు. పాశ్చాత్య డిజైనర్ కోడ్‌లో రాయాలని చూస్తున్నది ఆ పెద్దవాణ్ణి.

ఒకే రకం ఘట్టం రెండు చోట్లా ఎలా ఉంటుందో చూపిస్తాను.

1985లో గ్యారియట్ అల్టిమా 4 తెచ్చాడు. అందులో చంపాల్సిన మహా విలన్ లేడు. ఎనిమిది సుగుణాలు సాధించి ‘అవతార్’ కావడమే లక్ష్యం. అవును, మన అవతారమే. ఊళ్లో మూలికలమ్మే ఆవిడకి కళ్లు కనిపించవు. ఎంతిస్తున్నారో మీరే చెప్పి డబ్బు పెట్టాలి. తక్కువ పెట్టినా ఆవిడ ఏమీ అనదు. ఆట మాత్రం లోపల మీ నిజాయితీ లెక్క తగ్గించేస్తుంది. ఎవరూ చెప్పరు. నలభై గంటల తర్వాత మీకెందుకు ఆ సుగుణం దక్కడం లేదో తెలియక జుట్టు పీక్కుంటారు.

1995లో క్రోనో ట్రిగ్గర్ వచ్చింది, డ్రాగన్ క్వెస్ట్ హోరీ, ఫైనల్ ఫ్యాంటసీ సకగుచి, బొమ్మలకి తొరియామా, ముగ్గురూ కలిసి పనిచేసిన ఆట. మొదట్లో ఒక జాతర ఉంటుంది. పరుగెత్తుకుంటూ ఒక అమ్మాయిని గుద్దేస్తారు, ఆమె లాకెట్ కింద పడుతుంది. బల్ల మీద ఎవరిదో భోజనం ఉంటుంది, నొక్కితే తినేస్తారు. ఆర్‌పీజీలో బల్ల మీద కనిపించిందల్లా మనదే కదా, నేనూ తిన్నాను. కాసేపటికి కథ మలుపు తిరిగి మిమ్మల్ని కోర్టు బోనులో నిలబెడతారు. లాయరు అడుగుతాడు: ముందు అమ్మాయిని లేపావా, లాకెట్ తీశావా? ముసలాయన భోజనం తిన్నావా? సాక్షులు వస్తారు. ఏడుగురు జ్యూరీ ఒక్కొక్కరే వచ్చి ఇటో అటో నిలబడతారు. నా చెవులు ఎర్రబడ్డాయి, అబద్ధమెందుకు. ఆ తీర్పు ఏదైనా, నిర్దోషి అన్నా సరే, మీరు వెళ్లేది జైలుకే. మరణశిక్ష ఏర్పాట్లే జరుగుతుంటాయి.

రెండూ మీ చిన్న బుద్ధుల్ని లెక్కపెట్టాయి. గ్యారియట్ లెక్క లోకానికి నియమమైంది: ఎప్పుడూ నడుస్తుంది, ఎవరూ చూడకపోయినా నడుస్తుంది, ఆట దిశని మారుస్తుంది. క్రోనో ట్రిగ్గర్ లెక్క ఒక్క సన్నివేశమైంది: ఒకేసారి పేలుతుంది, సిగ్గుపడేలా చేస్తుంది, కథ మాత్రం తన దారిన పోతుంది. ఇందులో ఏది గొప్ప అని అడక్కండి. మొదటిది మీరెవరో మీకే తేల్చి చెప్తుంది, రెండోది మీకు ఒక అనుభూతి కలిగిస్తుంది. రెండోదానికి ఖర్చు చాలా తక్కువ అని మాత్రం వృత్తిలో ఉన్నవాడిగా చెప్పగలను.

ఇప్పుడు 1997కి రండి. ఫైనల్ ఫ్యాంటసీ 7లో ఎరిత్ చనిపోతుంది (ముప్పై ఏళ్లు కావస్తోంది, ఇంక రహస్యమేమిటి). పార్టీలో వైద్యం చేసేది ఆమె. ఆమెకి పెంచిన లెవెళ్లన్నీ ఆమెతోనే పోతాయి. మీరెంత బాగా ఆడినా ఆపలేరు. మరుసటేడు వచ్చిన బాల్డర్స్ గేట్‌లోనూ మీ పక్కన నడిచేవాళ్లు చస్తారు. అక్కడ చావంటే మీ పొరపాటు, పాత సేవ్ తెరిచి మళ్లీ ఆడతారు. ఎరిత్ మరణం కథగా నిలబడాలంటే ఆమె ముఖం, మాట, ఆమెకోసం కదిలిపోయే హీరో ముఖం, అన్నీ ముందే తెలిసి ఉండాలి. మీరు తయారు చేసుకున్న ఆకుపచ్చ జుట్టు మరుగుజ్జు ఆ కెమెరా ముందు ఏడిస్తే మీకు నవ్వొస్తుంది. ముఖం మార్చుకోనివ్వకపోవడానికి డబ్బులు మిగుల్చుకోవడం ఒక కారణమైతే, అసలు కారణం ఆ కెమెరా.

అదే 1997లో వచ్చిన ఫాల్అవుట్ ఇంకో కొస. చివరి శత్రువు మాస్టర్‌ని తుపాకీతో కాకుండా మాటలతో ఓడించవచ్చు. వాడు తయారు చేస్తున్న కొత్త జాతికి పిల్లలు పుట్టరని రుజువు వెతికి తెచ్చి చూపిస్తే, తన కలంతా వృథా అని తెలిసి తనని తానే ముగించుకుంటాడు. పాత్ర తెలివి బాగా తక్కువ పెట్టుకుని మొదలెట్టారా, మీ పాత్ర నోట్లోంచి సరిగ్గా మాటే పెగలదు, ఎదుటివాళ్లూ చంటిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతారు. మీరు కాగితం మీద పెట్టుకున్న అంకె లోకం మిమ్మల్ని చూసే చూపునే మార్చేస్తుంది.

‘రెండూ కలిపితే పోదా’ అని ఇక్కడ ప్రతివాడికీ అనిపిస్తుంది. నాకూ అనిపించింది. పదేళ్ల కిందట నేను పనిచేసిన ఓ చిన్న స్టూడియోలో అలాంటిదే మొదలెట్టాం. బలమైన కథ, పూర్తి స్వేచ్ఛ. హీరోకి విద్య నేర్పే గురువు మూడో అధ్యాయంలో ద్రోహం చేస్తాడు. ఆ సీన్ కోసం నెలన్నర రాశాం. మొదటి టెస్టర్ కూర్చున్న ఇరవై నిమిషాలకి గురువుని చంపేశాడు. ఎందుకయ్యా అంటే ‘పడుకుని ఉన్నాడు, అనుభవ పాయింట్లు బాగా వస్తాయనిపించింది’ అన్నాడు. సరేనని గురువుకి చావు లేకుండా చేశాం. మరుసటి వారం ఇంకో టెస్టర్ ఆయన్ని తోసుకుంటూ పోయి బావిలో పడేశాడు. మూడో అధ్యాయంలో ద్రోహం డైలాగు మొత్తం బావిలోంచి వినిపించింది. ఆ ఆట బయటికి రాలేదు.

తర్వాత తెలిసొచ్చింది, మేం పడిన గోతిలో స్కైరిమ్ చేసిన బెథెస్డా వాళ్లు మాకన్నా ముందే పడి, లేచి, కంచె కట్టారని. వాళ్ల పాత ఆట మారోవిండ్‌లో (2002) ముఖ్యమైన మనిషిని చంపితే ‘జోస్యం దారం తెగిపోయింది, పాత సేవ్ తెరువు, లేదా ఈ శాపగ్రస్త లోకంలోనే ఉండు’ అన్న అర్థంతో ఒక సందేశం వస్తుంది. చంపనిస్తుంది, పర్యవసానం మీ నెత్తిన పెడుతుంది. దాని తర్వాతి ఆబ్లివియన్‌లో (2006) అలాంటి వాళ్లు చావరు, స్పృహ తప్పి కాసేపటికి లేస్తారు. స్వేచ్ఛ కొంత కోసేశారు, కథ కొంత మిగిలింది. లారియన్ వాళ్లు బాల్డర్స్ గేట్ 3లో (2023) మూడో దారి తొక్కారు: చంపుకోండి, శవంతో మాట్లాడే మంత్రం ఇస్తాం, రహస్యం దాన్నే అడగండి (చంపినవాడికి శవం జవాబివ్వదు, వేషం మార్చుకుని వెళ్లాలి). ఎంత అందమైన పరిష్కారం! కానీ అలా మాట్లాడే ప్రతి శవానికీ డైలాగు రాసి, రికార్డు చేయాలి. మాలాంటి పన్నెండుమంది టీమ్ వల్ల అయ్యే పని కాదు.

ఊళ్లూ అంతే. డ్రాగన్ క్వెస్ట్ హీరో ఎవరింట్లోకైనా దూరి కుండలు పగలగొట్టి చిల్లర ఏరుకుంటాడు, ఇంటాయన ‘ఇవాళ వాతావరణం బాగుంది’ అంటాడు. ఊరు రంగస్థలం, కుండ సామగ్రి. స్కైరిమ్‌లో అదే పని దొంగతనం. అందుకే జనం అంగడివాడి తల మీద బకెట్ బోర్లించి, వాడి కళ్లు మూసి, కొట్టంతా ఊడ్చుకుపోయారు. ఎవరూ రాయని సీన్ అది. చూపు ఒక నియమం, బకెట్ ఒక వస్తువు, రెండూ కలిసి హాస్యం పుట్టింది. అల్టిమా 7లో (1992) పిండిలో నీళ్లు కలిపి పొయ్యిలో పెడితే రొట్టె అవుతుంది. కథకి దాంతో పనిలేదు. లోకం ఉందని నమ్మించడానికి ఆ రొట్టె చాలు.

ఇంతసేపూ జపాన్, పాశ్చాత్యం అన్నాను గానీ, ఈ పేర్లని పాస్‌పోర్టుల్లా వాడకండి. విజార్డ్రీ పుట్టింట్లో కనుమరుగైపోయాక దాన్ని దశాబ్దాలపాటు పెంచింది జపానే. అక్కడివాళ్లు దాన్ని ఎంత శ్రద్ధగా తీసుకున్నారంటే, అమెరికన్లు వంటింటి మిక్సీ బ్రాండు మీద జోకుగా పెట్టిన కత్తి పేరుని మహా కమ్మరి ఎవరో చేసిన దివ్యాయుధం అనుకున్నారు. ఆ జోకు అర్థంకాని గంభీరతలోంచే ఒక సంప్రదాయం పుట్టింది. మియజకి చేసిన డార్క్ సోల్స్ (2011), ఎల్డెన్ రింగ్ (2022) చూడండి: పాత్రని మీరే చేసుకుంటారు, ఎటైనా పోతారు, ఎవరినైనా చంపుతారు. ఎటు పక్క పెడతారు? కవజు చేసిన సాగా ఆటలు తొంభైల నుంచే ‘ఎటైనా పో’ అంటున్నాయి. పోలెండ్‌లో చేసిన విచర్ 3లో హీరో గెరాల్ట్ ముఖం మీరు మార్చారా? గడ్డం గీయించారు, అంతే. ఫ్రాన్స్‌లో మోంపెలియేలో కూర్చుని చేసిన క్లెయిర్ అబ్స్క్యూర్ 2025లో వచ్చింది, వంతులవారీ పోరాటం, రాసిపెట్టిన పాత్రలు, ఆద్యంతం జపాన్ బాణీ. పైగా జేఆర్‌పీజీ (జపనీస్ ఆర్‌పీజీ) అన్న మాట మొదట విన్నప్పుడు చిన్నచూపుగా అనిపించిందని ఫైనల్ ఫ్యాంటసీ 16 నిర్మాత యోషిదా 2023లో బాహాటంగానే చెప్పాడు. ఆయన బాధలో న్యాయముంది. ఒకప్పుడు ఆ మాటని తిట్టుగానే వాడారు, నేనూ వాడాను.

ఇప్పుడు మీ పెర్సోనా. మీరు స్వేచ్ఛని కథలో వెతుకుతున్నారు, అది క్యాలెండర్‌లో ఉంది. మొదటి ఆరేడు గంటలు నిజంగానే లాగుతుంది, దాన్ని నేను సమర్థించను, డ్రాగన్ క్వెస్ట్ ఒక్క గదిలో చేసిన పని అది. ఆ తర్వాత గమనించండి. మొదటి విలన్ కమోషిడా కోటని ఆటలోని క్యాలెండర్ ప్రకారం మే 2లోపు ముగించాలి. కోటలోకి వెళ్లిన రోజు పోయినట్టే. లోపల మీ మంత్రశక్తి తరుగుతూ ఉంటుంది, నింపుకునే దారులు తక్కువ. ఇంకో గదికి వెళ్లాలా, వెనక్కి తిరగాలా? తిరిగితే ఇంకో రోజు ఖర్చు. ఆ రోజుతో మీరు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉండొచ్చు, ఆమె దగ్గర మందులు కొని ఉండొచ్చు, అయితే ఆమెతో స్నేహం ముందుకు సాగాలంటే ముందు మీకు గుండెధైర్యం పెరగాలి, దానికి ఇంకో సాయంత్రం కావాలి. 1981 విజార్డ్రీలో ‘ఇంకో అంతస్తు దిగాలా, ఉన్న మంత్రాలతో ఇంటికి చేరగలమా’ అన్న బెంగే ఇది, స్కూలు యూనిఫాం వేసుకుని వచ్చింది. మొదటిసారి నాకు ఆ కోటకి నాలుగు రోజులు పట్టింది. మిత్రుడొకడు దారి మొత్తం ఒక్క రోజులో తేల్చేశాడు. మిగిలిన మూడు సాయంత్రాలతో వాడి హీరో నా హీరోకన్నా వేరే మనిషయ్యాడు, ముఖం ఒకటే అయినా.

ఇక పిల్లి. మీ క్లాస్ టీచర్ కవాకామి ఉంది చూశారా, నిద్రమొహంతో తిరుగుతుంటుంది. కొంత ముందుకెళ్లాక ఆమెతో స్నేహం కుదిరే అవకాశం వస్తుంది, వదలకండి. బట్టలుతకడం లాంటి పనులు ఆమె చేసిపెడుతుంది, మీ సాయంత్రాలు మిగులుతాయి. ఆ బంధాన్ని చివరిదాకా తీసుకెళ్తే, కోట నుంచి అలసి వచ్చిన రాత్రి కూడా ఆమె చేత ఒళ్లు పట్టించుకుని బయటికెళ్లొచ్చు, పిల్లి నోరు మూసుకుంటుంది. అదే బంధం పూర్తయితే వెల్వెట్ రూమ్‌లో (పెర్సోనాలని, అంటే మీ హీరో పోరాటంలో పిలిచే శక్తిరూపాల్ని, రెండేసి కలిపి కొత్తవి చేసే చోటు) ఒక కొత్త కలయికకి దారి తెరుచుకుంటుంది: శివుణ్ణీ పార్వతినీ కలపాలి. ఏ రూపం వస్తుందో మన ఊళ్లో పుట్టినవాళ్లకి గైడు చూడాల్సిన పనిలేదు.